పోర్ట్రెయిట్ కోసం 85 లెన్స్ కొనే ముందు: దూరం, ఫ్రేమ్, క్రాప్

మీ ప్రశ్న సారం ఇది. చేతిలో నికాన్ డీ5600, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. ఇంట్లో అమ్మమ్మగారికి, నిశ్చితార్థం రోజున చెల్లెలికి తీసిన ఫోటోల్లో ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు పడుతున్నాయి. నగలో చేతులో ఎక్కడో ఒకచోట తెగిపోతున్నాయి. తర్వాత ఎంత క్రాప్ చేసినా ఫోటో కుదరడం లేదు. 85 ఎంఎం ఎఫ్ 1.8 కొంటే ఇవన్నీ సర్దుకుంటాయా అని అడిగారు. (18, 50, 85 లాంటివి మిల్లీమీటర్లలో లెన్స్ ఫోకల్ లెంత్; అంకె పెరిగేకొద్దీ లెన్స్ తక్కువ మేర చూపిస్తుంది, మనిషి పెద్దగా పడతారు. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ లోపలి రంధ్రం పెద్దదవుతుంది.)

ముక్కు సంగతి సర్దుకుంటుంది గానీ, దానికి 85 అక్కర్లేదు. మిగతావి ఏ లెన్సుతోనూ సర్దుకోవు. పైగా మన ఇళ్లలో ఉండే మామూలు 12 అడుగుల హాల్లో, మీ కెమెరా మీద 85 సాయం కంటే ఇబ్బందే ఎక్కువ చేస్తుంది. లెక్కలతో సహా చెబుతాను. టేపు పట్టుకుని కొలుచుకుంటే మీకే తేలిపోతుంది.

ముఖం ఆకారం మీరు నిలబడిన దూరాన్ని బట్టి మారుతుంది, లెన్స్‌ని బట్టి కాదు. పెద్దవాళ్ల ముఖంలో ముక్కు కొస నుంచి చెవి దాకా లోతు సుమారు 12 సెంటీమీటర్లు. కెమెరా ముక్కుకు దగ్గరయ్యేకొద్దీ ఈ 12 సెంటీమీటర్ల తేడా పెద్దదవుతుంది. తల, భుజాలు పట్టే బస్ట్ ఫోటో అనుకుందాం. నిలువు ఫ్రేమ్‌లో సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు పట్టాలి. మీ కిట్ లెన్స్‌ను 18 దగ్గర పెట్టి ఆ ఫ్రేమ్ నింపాలంటే మనిషికి 46 సెంటీమీటర్ల దగ్గరకు, అంటే అడుగున్నర దూరానికి వెళ్లాలి. అక్కడి నుంచి చూస్తే చెవితో పోల్చినప్పుడు ముక్కు 26 శాతం పెద్దగా పడుతుంది. అదే ఫ్రేమ్‌ను 35 దగ్గర పెట్టి తీస్తే మీరు సుమారు 3 అడుగుల దూరంలో ఉంటారు, తేడా 13 శాతానికి తగ్గుతుంది. 50 దగ్గర నాలుగడుగుల పైచిలుకు దూరం, 9 శాతం. 85 అయితే 7 అడుగులు, ఐదారు శాతం. 85కి పోర్ట్రెయిట్ లెన్స్ అన్న పేరు రావడానికి అసలు కారణం ఇదే: అది మిమ్మల్ని బలవంతంగా వెనక్కి పంపిస్తుంది. మీ అంతట మీరే వెనక్కి జరిగితే ముక్కు కూడా దానంతట అదే సర్దుకుంటుంది.

ఫోన్‌తో తీసినా ఇదే లెక్క. ఫోన్ మెయిన్ కెమెరా చూపే కోణం మీ కెమెరా మీద దాదాపు 17 ఎంఎం లెన్స్ చూపేంత వెడల్పు ఉంటుంది. అంత వెడల్పు కోణంలో ముఖంతో ఫ్రేమ్ నింపాలంటే దగ్గరకు వెళ్లాల్సిందే. అందుకే చేయి చాచి తీసుకున్న సెల్ఫీలో ముఖం మధ్యలో ఉబ్బుతుంది. 2 రెట్ల లేదా 3 రెట్ల లెన్స్ ఉంటే దానికి మార్చి, ఐదడుగులు వెనక్కి వెళ్లి తీయండి.

ముఖానికి నప్పే దూరం 5 నుంచి 8 అడుగులు. 5 అడుగుల దగ్గర ముక్కుకీ చెవికీ తేడా 8 శాతం, 8 అడుగుల దగ్గర 5 శాతం. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు మనం దాదాపు ఈ దూరాల్లోనే ఉంటాం కాబట్టి ఆ ముఖం మనకు తెలిసిన ముఖంలాగే కనిపిస్తుంది. 20 అడుగులు దాటితే తేడా 2 శాతానికి పడిపోయి, ముఖం కాస్త వెడల్పుగా, చదునుగా అనిపించడం మొదలవుతుంది. కోల ముఖానికి అది మేలే చేస్తుంది. గుండ్రటి ముఖానికి చేయదు. అంతకంటే దీనికి పెద్ద సూత్రమేమీ లేదు.

ఇప్పుడు మీ గది సంగతి. ఈ లెక్క ఒక్కటి గుర్తుంటే ఏ లెన్స్ కొనాలో ఎవరినీ అడగక్కర్లేదు: ఫ్రేమ్‌లో పట్టే ఎత్తు కావాలంటే సెన్సర్ (కెమెరా లోపల బొమ్మను పట్టే చిప్) పొడవును దూరంతో హెచ్చించి, ఫోకల్ లెంత్‌తో భాగించాలి. నిలువుగా పట్టుకుంటే మీ సెన్సర్ పొడవు 23.5 ఎంఎం. హాలు 12 అడుగులు అనుకుందాం. కూర్చున్నవారిని గోడకు 3 అడుగులు ముందుకు జరపాలి, లేకపోతే నీడ గోడ మీద పడుతుంది, గోడ మీది ప్రతి మరకా కనిపిస్తుంది. మీ వీపుకీ కెమెరాకీ ఒకటిన్నర అడుగు పోతుంది. మిగిలేది ఏడున్నర అడుగులు, అంటే 2.3 మీటర్లు. ఆ దూరం నుంచి 85 పట్టే ఎత్తు 63 సెంటీమీటర్లు, అంటే బస్ట్ ఫోటో ఒక్కటే. 50 పట్టేది 108 సెంటీమీటర్లు, తల నుంచి నడుము కిందిదాకా. 35 పట్టేది ఒకటిన్నర మీటర్లు, దాదాపు మోకాళ్ల దాకా. పట్టుచీరలో నిలబడిన మనిషిని తల పైన, పాదాల కింద కాస్త చోటు వదిలి మొత్తంగా తీయాలంటే 190 సెంటీమీటర్లు పట్టాలి. దానికి 35తో 9 అడుగుల పైన, 50తో 13 అడుగుల పైన, 85తో ఇరవై రెండున్నర అడుగులు దూరం కావాలి. ఇరవై రెండున్నర అడుగులు ఖాళీగా దొరికే హాలు ఫంక్షన్ హాలే. అక్కడా మధ్యలో మనుషులు తిరుగుతూనే ఉంటారు.

అందువల్ల నా సలహా 50 ఎఫ్ 1.8. ఫోటోలన్నీ ఇంట్లోనే, ఎక్కువగా నిలువెత్తువే తీసేవారైతే 35 ఎఫ్ 1.8. ఆరుబయట తీయడం అలవాటయ్యాక, 50తో తీసినప్పుడల్లా ఇంకా ముందుకు వెళ్లాలనిపిస్తుంటే అప్పుడు 85. కొనకముందు రెండు పరీక్షలు చేసుకోండి. ఒకటి, ఇప్పటిదాకా మీకు నచ్చిన ఫోటోల వివరాల్లో ఏ ఫోకల్ లెంత్ ఉందో చూడండి. రెండోది, కిట్ లెన్స్‌ను 50 దగ్గర పెట్టి, జూమ్ రింగ్‌కి చిన్న టేపు ముక్క అంటించి, కొన్నాళ్లు దానితోనే తీయండి. వెనక్కి జరగడానికి చోటు చాలక ఇబ్బంది పడుతున్నారా, ముందుకు వెళ్లాలనిపిస్తోందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

85 చూపు ఎలా ఉంటుందో కూడా కొనకుండానే చూడొచ్చు. 7 అడుగుల నుంచి 50తో తీసి, మధ్య భాగాన్ని 85 పట్టేంత మేరకు క్రాప్ చేయండి. దూరం మారలేదు కాబట్టి ముఖం ఆకారం అచ్చంగా 85తో తీసినట్టే ఉంటుంది. మీ 24 మెగాపిక్సెల్ ఫైల్ 6000 బై 4000 పిక్సెళ్లు. ఈ క్రాప్ తర్వాత సుమారు 3530 బై 2350 మిగులుతాయి, అంటే 8 మెగాపిక్సెళ్ల పైన. 8×12 అంగుళాల ప్రింటు అంగుళానికి దాదాపు 294 పిక్సెళ్లతో నిక్షేపంగా వస్తుంది. క్రాప్ చేస్తే క్వాలిటీ మొత్తం పోతుందన్న భయం వద్దు. వెనక బ్లర్ మాత్రం అసలు 85లో వచ్చినంత రాదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు మీ కెమెరాకు ఒక ముఖ్యమైన చిక్కు ఉంది. డీ5600 బాడీలో ఫోకస్ మోటార్ లేదు. పాత నికాన్ 50 ఎఫ్ 1.8 డీ తగిలిస్తే బిగుసుకుంటుంది, ఫోటో కూడా వస్తుంది, కానీ ఆటోఫోకస్ పనిచేయదు. చవకగా దొరికేది చాలాసార్లు అదే. పేరులో ఏఎఫ్-ఎస్ (లెన్స్‌లోనే మోటార్ ఉందని గుర్తు) అని, చివర జీ అని ఉందో లేదో చూడండి. తర్వాత లెన్స్ వెనక నుంచి టార్చి వేసి ముందు వైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. సముద్ర తీరపు ఊళ్లలో బీరువాలో మూతపెట్టి దాచిన లెన్సుల్లో ఇది మామూలు. అలాంటిది ఎంత తక్కువకు వచ్చినా తీసుకోవద్దు.

బ్లర్ గురించి. వెనక దూరంగా ఉన్నది ఎంత కరుగుతుందో తెలియాలంటే ఫోకల్ లెంత్‌ను ఎఫ్ అంకెతో భాగించండి. 50 ఎఫ్ 1.8కి 28 వస్తుంది, 85 ఎఫ్ 1.8కి 47, కిట్ లెన్స్ 55 ఎఫ్ 5.6కి పదికి కాస్త తక్కువ. చాలామంది పట్టించుకోని 55-200 చవక జూమ్ 200 ఎఫ్ 5.6 దగ్గర దాదాపు 36! మనిషి ఒకే సైజులో పడేట్టు తీసినప్పుడు, దూరపు బ్యాక్‌గ్రౌండ్‌ను అది 50 కన్నా ఎక్కువ కరిగిస్తుంది. షరతు ఏమిటంటే ఆ బ్యాక్‌గ్రౌండ్ మనిషికి 15 మీటర్ల అవతల ఉండాలి, మీరు 6 మీటర్లు వెనక్కి వెళ్లగలగాలి. పొలం గట్టు మీద, చెరువు ఒడ్డున, కాలేజీ గ్రౌండ్‌లో ఇది సాధ్యమే. వెనక చెట్టు 3 మీటర్ల దూరంలోనే ఉంటే మాత్రం 50దే పైచేయి. ఏ లెన్స్ అయినా మనిషిని బ్యాక్‌గ్రౌండ్ నుంచి దూరంగా జరపడం బ్లర్‌కు అన్నిటికన్నా చవకైన ఉపాయం. మీకూ మనిషికీ మధ్య ఎంత దూరం ఉందో, మనిషికీ గోడకీ మధ్య దానికి రెండు మూడు రెట్లు ఉండేట్టు చూడండి.

ఎఫ్ 1.8 ఉంది కదా అని అన్నీ దానితోనే తీయకండి. 5 అడుగుల నుంచి 50 ఎఫ్ 1.8లో స్పష్టంగా ఉండే లోతు ఆరున్నర సెంటీమీటర్లు. ముఖం కాస్త పక్కకు తిరిగితే దగ్గరి కన్ను స్పష్టంగా ఉండి, అవతలి చెవి, జుంకీ కరిగిపోతాయి. 2.8లో 10 సెంటీమీటర్లు వస్తుంది. ఒక్క ముఖానికి నేను ముందుగా పెట్టేది అదే. ఇద్దరుంటే ఎఫ్ 4, అదీ ఇద్దరి కళ్లూ కెమెరాకు సమాన దూరంలో ఉండేట్టు కూర్చోబెట్టాక. 85 ఎఫ్ 1.8 అయితే అదే 5 అడుగుల దగ్గర లోతు రెండు సెంటీమీటర్లకు కాస్త పైన మాత్రమే. కొత్తగా 85 కొన్నవాళ్లు "లెన్స్ షార్ప్‌గా లేదు" అనడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఫోకస్ ఎప్పుడూ కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీదే. ఫోకస్ పాయింట్ ఎంపికను కెమెరాకు వదిలేయకుండా సింగిల్ పాయింట్ పెట్టుకుని, దాన్ని మీరే కంటి దగ్గరకు జరపండి. మధ్యలో ఫోకస్ లాక్ చేసి, తర్వాత ఫ్రేమ్ సర్దుకునే పద్ధతి కిట్ లెన్స్‌తో నడిచిపోతుంది. ఎఫ్ 1.8లో నడవదు, ఎందుకంటే ఆ సర్దుకునే క్షణంలో మీరో, ఎదుటివారో మూడు సెంటీమీటర్లు ఊగితే చాలు, ఫోకస్ కన్ను వదిలి చెవి వైపు జరిగిపోతుంది. మీ కెమెరాలో 39 పాయింట్లున్నా మధ్యలోని 9 మాత్రమే క్రాస్ రకానివి, అంటే అడ్డగీతలనూ నిలువు గీతలనూ రెండిటినీ పట్టగలిగేవి. గదిలో వెలుతురు తక్కువైతే అంచు పాయింట్లు తడబడతాయి. అప్పుడు మధ్య వాటిలోనే పై పాయింట్ వాడి, ఫ్రేమ్‌ను కాస్త వదులుగా ఉంచి తర్వాత క్రాప్ చేసుకోండి. షట్టర్ వేగం పెద్దవాళ్లకు 1/200 సెకను, పిల్లలకు 1/500 కంటే తగ్గకుండా చూసుకుని, ఐఎస్‌ఓ (వెలుతురు తక్కువైనప్పుడు ఫోటోను ప్రకాశవంతం చేసే సెట్టింగ్) ఆటోకి వదిలేయండి. గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) ఉన్న ఫోటోను బాగుచేయొచ్చు గానీ కదిలిపోయిన ఫోటోను చేయలేం.

ఇక ఫ్రేమ్. కళ్లను ఫ్రేమ్ పై మూడో వంతు గీత మీద పెట్టమని అందరూ చెబుతారు. అది బస్ట్ ఫోటోకే సరిపోతుంది, ఎందుకో చూడండి. కళ్ల నుంచి నడినెత్తి దాకా, జుట్టుతో కలిపి, 14 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్లు పట్టే ఫ్రేమ్‌లో మూడో వంతు అంటే 20 సెంటీమీటర్లు. తల పైన 6 సెంటీమీటర్లు, ఫ్రేమ్‌లో పదో వంతు ఖాళీ మిగులుతుంది. చక్కగా కుదిరింది. అదే నియమాన్ని నడుము దాకా తీసే, 100 సెంటీమీటర్లు పట్టే ఫ్రేమ్‌కు పెట్టండి. తల పైన 19 సెంటీమీటర్లు ఖాళీ వచ్చి, మనిషి కిందికి జారిపోయినట్టు ఉంటుంది. అక్కడ కళ్లు నాలుగో వంతు దగ్గర ఉండాలి. నిలువెత్తు ఫోటోలో మూడో వంతు పాటిస్తే తల పైన అరమీటరు గోడ వస్తుంది. అక్కడ కళ్లు పై నుంచి ఏడో వంతు దగ్గరే ఉండాలి. బాగా దగ్గరి ఫోటో, 40 సెంటీమీటర్లు పట్టేదాంట్లో మూడో వంతు పెడితే నడినెత్తి సరిగ్గా ఫ్రేమ్ అంచుకు ఆనుకుంటుంది. అన్నిటికన్నా చెడ్డది అదే. అంచుకు తాకీ తాకనట్టు ఏదీ ఉండకూడదు. అయితే స్పష్టంగా చోటు వదలాలి, లేదా స్పష్టంగా జుట్టులోకి కోయాలి. కోసేటప్పుడు కూడా నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత కనిపించాలి. గడ్డాన్ని మాత్రం ఎప్పుడూ కోయకూడదు.

ఎక్కడ కోయాలన్నదానికి పాత నియమం ఒకటుంది: కీళ్ల దగ్గర కోయవద్దు. మెడ, మోచేయి, మణికట్టు, మోకాలు, చీలమండ, వీటిలో ఏది అంచు మీదకు వచ్చినా ఆ అవయవం అక్కడే తెగిపోయినట్టు కనిపిస్తుంది. కీలుకీ కీలుకీ నడుమ కోస్తే చూసేవాళ్ల మనసు మిగతాది పూరించుకుంటుంది. భుజానికీ మోచేతికీ మధ్య, తొడ మధ్య, ఛాతీ మధ్య కోయొచ్చు. వేళ్లు కొసల దగ్గర తెగకూడదు. చేయి వస్తే పూర్తిగా రావాలి, లేకపోతే అసలు రాకూడదు.

మన పెళ్లి, నిశ్చితార్థం ఫోటోలకు ఈ నియమం ఒక్కటే చాలదు. అక్కడ నగలు కూడా కీళ్ల లాంటివే. కాసులపేరో, హారమో వేసుకున్న పెళ్లికూతురి బస్ట్ ఫోటోను ఛాతీ మధ్యలో కోస్తే హారం రెండు పాయలు కిందికి దిగి, పతకం లేకుండా గాల్లో ఆగిపోతాయి. పతకం కింద నాలుగు వేళ్ల చోటు వదిలి కోయండి. అంత కిందికి వెళ్లడం ఇష్టం లేకపోతే మెడను అంటుకుని ఉండే నెక్లెస్ వరకే ఉంచి బాగా దగ్గరగా తీయండి. వడ్డాణం ఉంటే నడుము దగ్గర కోత పనికిరాదు. వడ్డాణం కింద జానెడు చీర కనిపించాలి, అంటే కోత తొడ పైభాగానికి వెళ్తుంది. పాపిడి బిళ్ల పెట్టుకున్నప్పుడు జుట్టులోకి కోస్తే దాని గొలుసు తెగుతుంది, కాబట్టి తల పైన చోటు వదలండి. పూలజడను ముందుకు వేస్తే జడ కొస, జడకుప్పెలు ఫ్రేమ్‌లో పట్టాలి. పట్టకపోతే జడ వెనకే ఉండనివ్వండి, దానికి వేరుగా వెనక నుంచి ఒక ఫోటో తీయండి. గోరింట, గాజులు చూపించే ఫోటోలో మణికట్టు దగ్గర కాకుండా మోచేతికి ముందు కోయాలి.

చీర నిలువెత్తు ఫోటోలో తరచు జరిగేది ఇంకొకటి. మోకాలు, చీలమండ చీరలో కనిపించవు కదా అని పిక్కల దగ్గర కోసేస్తారు. కీలు తెగదు గానీ కుచ్చిళ్ల కింది అంచు తెగుతుంది, చీర అందమంతా అక్కడే ఉంటుంది. కోయాలంటే తొడ మధ్యలో కోయండి, లేకపోతే అంచు, పాదాలు, వాటి కింద కాస్త నేల కూడా ఉంచండి. పంచె కట్టినవారికీ ఇదే వర్తిస్తుంది.

కెమెరా ఎత్తు గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ ఫోటోలో సగం మర్యాద దానిదే. బస్ట్ ఫోటోకు కంటి ఎత్తున, నడుము దాకా తీసేదానికి ఛాతీ ఎత్తున, నిలువెత్తుకు బొడ్డు ఎత్తున కెమెరా ఉండాలి. నిలువెత్తు ఫోటోను మీరు నిలబడి మీ కంటి ఎత్తు నుంచి తీస్తే, పాదాలు పట్టడానికి కెమెరాను కిందికి వంచాల్సి వస్తుంది. వంచితే తల పెద్దదై కాళ్లు పొట్టివవుతాయి. మోకాలి మీద కూర్చుని, కెమెరాను నిటారుగా పట్టుకుని తీయండి. అమ్మమ్మగారు కుర్చీలో కూర్చుంటే ఆవిడ కళ్లు నేల నుంచి నాలుగడుగుల లోపే ఉంటాయి. మీరూ స్టూలు వేసుకుని కూర్చోండి. నిలబడి పైనుంచి తీస్తే పెద్దావిడ చిన్నగా, నిస్సహాయంగా కనిపిస్తారు. కూర్చున్నవారి మోకాళ్లు కెమెరాకు ఎదురుగా ఉంటే ముఖం కన్నా అరమీటరు ముందుకు వచ్చి పెద్దగా పడతాయి, కుర్చీని 45 డిగ్రీలు పక్కకు తిప్పండి. తల మాత్రం మళ్లీ మీ వైపు తిప్పమని చెప్పండి. చేతులు ఒళ్లో ఒకదాని మీద ఒకటి, చిటికెన వేలి వైపు కెమెరాకు కనిపించేలా పెట్టించండి. వెడల్పాటి అరచేయి వెనకభాగం ఎదురుగా కనిపిస్తే అది ముఖంతో పోటీ పడుతుంది. ఆవిడ ముడతలను సాఫ్ట్‌వేర్‌లో చెరిపేయకండి, దయచేసి. కిటికీకి పక్కగా కూర్చోబెడితే అవే ఆ ముఖానికి నిండుదనం ఇస్తాయి.

ముఖాన్ని పక్కకు తిప్పినప్పుడు ముక్కు కొస అవతలి చెంప అంచును దాటకూడదు. దాటితే ముక్కు చెంపలోంచి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. కాస్త వెనక్కి తిప్పించండి, లేదా పూర్తిగా పక్క ముఖం తీయండి. చూపు ఎటు ఉంటే అటు ఎక్కువ చోటు వదలండి. నిలబడినవారి చేయి పొట్టకు అతుక్కుని ఉంటే మనిషి ఆ చేయి మేరకు లావుగా కనిపిస్తారు. మోచేతికీ నడుముకీ మధ్య వెలుతురు కనిపించేంత సందు ఉంటే చాలు. చేతులు ఎక్కడ పెట్టాలో తోచకపోతే, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన స్టూడియో చిత్రాలు చూడండి. కుర్చీ చేతి మీద, బల్ల మీద, కర్ర మీద, చేతికి ఏదో ఒక ఆసరా ఇచ్చి కూర్చోబెట్టడం అక్కడ కనిపిస్తుంది.

బ్యాక్‌గ్రౌండ్‌లో మొదట చూడాల్సింది తల చుట్టూ. మన హాళ్లలో ట్యూబ్‌లైటు, గడియారం, క్యాలెండరు, స్విచ్‌బోర్డు సరిగ్గా తల వెనకే వస్తాయి. వాటిని తీసే పని లేదు, మీరు అడుగు పక్కకు జరిగితే అవీ పక్కకు పోతాయి. మీ డీ5600 వ్యూఫైండర్ ఫ్రేమ్‌లో 95 శాతమే చూపిస్తుందన్నది గుర్తుంచుకోండి. మీకు కనిపించని అంచుల్లో ఫ్రిజ్ మూలో, ఎవరిదో భుజమో వచ్చి చేరుతుంది. తీశాక తెర మీద నాలుగు మూలలూ చూడండి.

ఆరుబయట అడ్డగీత సంగతి చూడాలి. సముద్రం దగ్గరైనా, చదునైన పొలంలోనైనా ఆకాశం నేల కలిసే గీత ఎప్పుడూ మీ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. కెమెరా ఎదుటివారి మెడ ఎత్తున ఉంటే గీత మెడనే కోస్తుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో తీసిన ఫోటోల్లో ఇది కోకొల్లలు. ఇసుకలో మోకాలి మీద కూర్చుంటే గీత నడుముకు దిగుతుంది. మీరు పైన మెట్ల మీదో, పిట్టగోడ మీదో నిలబడి వారిని కింద ఇసుకలో నిలబెడితే గీత తలపైకి పోయి, వెనకంతా నీళ్లే మిగులుతాయి. రెండూ బాగుంటాయి. మధ్యలో ఆగినదే బాగోదు.

చివరగా, ప్రింటు కోసం క్రాప్. మీ ఫైల్ 2:3 నిష్పత్తి, అందుకే 4×6, 8×12, 12×18 సైజులకు ఏమీ కోయకుండా సరిపోతుంది. 5×7కి పొడవులో కొద్దిగా పోతుంది. 6×8కి తొమ్మిదో వంతు, 8×10కి ఆరో వంతు పోతుంది. ఇన్‌స్టాగ్రామ్ 4:5 కూడా 8×10 లాంటిదే. ల్యాబ్‌కి కోయకుండా ఫైల్ పంపితే వాళ్ల యంత్రం రెండు వైపులా సమానంగా కోస్తుంది. మీరు జాగ్రత్తగా వదిలిన పాదాల కింది నేల, తల పైన చోటు రెండూ పోతాయి. అందుకే నిలువెత్తు తీసేటప్పుడు ఒక ఫోటో వదులుగా, ఒకటి బిగుతుగా తీసిపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌లో ముందు వంకర సరిచేసి, తర్వాతే క్రాప్ చేయండి, ఎందుకంటే తిప్పినప్పుడల్లా మూలలు పోతాయి. నిష్పత్తిని లాక్ చేసి, కాపీ మీద చేయండి, అసలు ఫైల్‌ను ముట్టుకోవద్దు. ల్యాబ్‌కి వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే పిక్సెళ్లు సగానికి పైగా పోతాయి.

చెల్లెలి పెళ్లికి 12×36 అంగుళాల షీట్ల కరిజ్మా ఆల్బమ్ చేయిస్తే షీటు మడత సరిగ్గా 18 అంగుళాల దగ్గర వస్తుంది. ముఖం మడత మీదకు రాకూడదు. పెద్ద ఫోటోను షీటు అంతా పరిచే ఆలోచన ఉంటే, ఆ ఫోటోల్లో మనిషిని ఒక పక్కకు ఉంచి, రెండో పక్క ఖాళీగా వదిలి అడ్డంగా తీయమని ఫోటోగ్రాఫర్‌కు ముందే చెప్పి ఉంచండి.